విశాఖ క్యాంపస్‌లో సీటు వచ్చేలా ఉన్న అమ్మాయిని పంపాలా, దగ్గరి కాలేజీలో చేర్చాలా?

రాజోలు దగ్గర పల్లె నుంచి మీరు రాసిన ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మాయి అమలాపురంలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తి చేసింది. పీజీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో ఎం.ఎస్సీ. సీటు వచ్చేలా ఉంది. ఇంతలో దగ్గర్లోని ఒక ప్రైవేటు పీజీ కాలేజీ వాళ్లు ఇంటికి వచ్చి, బస్సు వీధి చివరికే వస్తుందని, పిల్ల కళ్ల ముందే ఉంటుందని చెప్పి వెళ్లారు. మీకున్నది రెండెకరాల కొబ్బరి తోట. బంధువుల్లో సగం మంది "అంత పెద్ద యూనివర్సిటీలో మన పిల్లను పట్టించుకునేదెవరు" అంటున్నారు, మిగతా సగం "అంత పేరున్న చోట సీటు వస్తే వదులుకుంటారా" అంటున్నారు. ఏం చేయమంటారని అడిగారు.

పంపమంటాను. అయితే మీ బంధువుల్లో మొదటి సగం అన్న మాటా అబద్ధం కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పశ్చిమ గోదావరిలో డిగ్రీ విద్యార్థులకు 34 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి పదవీ విరమణ చేశాను. నా దగ్గర చదివిన పిల్లల్లో పెద్ద విశ్వవిద్యాలయాలకు వెళ్లి పైకొచ్చినవాళ్లున్నారు, అక్కడ దారి తప్పి ఇంటికి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. తెలివిలో వీళ్లు వాళ్లకు ఏమాత్రం తీసిపోరు.

ముందు 'పెద్ద' అన్న మాట సంగతి చూద్దాం. పెద్ద విశ్వవిద్యాలయం అనగానే ఒక్కో తరగతిలో రెండు మూడు వందల మంది కూర్చుంటారని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ మొదటి ఏడాది తరగతులు కొన్ని అలాగే ఉంటాయి. మన దగ్గర ఎం.ఎస్సీ. తరగతి మీ అమ్మాయి డిగ్రీలో చూసిన తరగతి కన్నా పెద్దదేమీ కాదు. పెద్దతనమంతా ఆ గది బయట ఉంటుంది. డిపార్టుమెంటు ఒక చోట, పరీక్షల విభాగం ఇంకో చోట, హాస్టల్ మరో చోట, స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం చేయాల్సిన మనిషి వేరే భవనంలో. దేనికి ఎక్కడికి వెళ్లాలో పిలిచి చెప్పేవాళ్లుండరు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు, లేదంటే వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెడతారు. చూసినవాళ్లకు తెలుస్తుంది, చూడనివాళ్లకు గడువు దాటిపోతుంది.

మీరు మధ్య డెల్టా రైతు కాబట్టి ఇలా చెబితే వెంటనే అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో కూడా శివారు చేలకు తడి అందని సందర్భాలుంటాయి. దాళ్వాలో, అంటే రెండో పంటలో, వంతు వచ్చిన రాత్రి పార పట్టుకుని తూము దగ్గర నిలబడ్డ రైతు మడి తడుస్తుంది, ఇంట్లో పడుకున్న రైతు మడి బీటలు తీస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయంలో మన పల్లె పిల్లలు మొదటి ఏడాదంతా శివారు రైతులే. నీళ్లు కాలవలో ఉంటాయి. బోదె తవ్వుకుని తెచ్చుకోవాలి.

ఆ తవ్వుకోవడం చేతకాక నష్టపోయిన ఒక అబ్బాయి గురించి చెప్పాలి. ఇంట్లో వాళ్లు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు. డిగ్రీలో నా తరగతిలో మొదటి ముగ్గురిలో ఒకడు. మా కాలేజీలో ఎవరైనా రెండు రోజులు రాకపోతే మూడో రోజు మేమే ఇంటికి ఫోను చేసేవాళ్లం. పిల్లవాడి మొహం వాడిపోయి ఉంటే మధ్యాహ్నం అన్నం తిన్నావా అని అడిగేవాళ్లం. అలాంటి చోటి నుంచి ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. మొదటి సెమిస్టర్‌లో జ్వరం వచ్చి పది రోజులు హాస్టల్ గదిలో పడుకున్నాడు. తిరిగి తరగతికి వెళ్లేసరికి పాఠం చాలా దూరం వెళ్లిపోయింది. ఎవరినైనా అడగడానికి సిగ్గుపడ్డాడు. ఎందుకు రాలేదని అతన్నీ ఎవరూ అడగలేదు. ఒకరోజు మానేస్తే ఏమీ జరగలేదు, వారం మానేసినా ఏమీ జరగలేదు. హాజరు చాలక ఒక పరీక్ష రాయనివ్వలేదు, రాసినవాటిలో రెండు పోయాయి. ఇంట్లో వాళ్లకు ఏడాది తర్వాత తెలిసింది, నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు చెరువుల దగ్గర మేత లెక్కలు రాస్తున్నాడు. నిజాయతీగా బతుకుతున్నాడు, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ చదవగలిగినంత చదవలేకపోయాడన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. వెళ్లే ముందు ఆశీర్వాదం కోసం వస్తే పుస్తకాల జాబితా రాసిచ్చాను గానీ, అక్కడ నోరు తెరిచి అడగాలని చెప్పలేదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ పుస్తకాల కన్నా ముందు ఆ మాటే చెబుతూ వచ్చాను.

కార్యాలయాల సంగతికి వస్తే, నేను 1983లో ఎం.ఎస్సీ.లో చేరిన విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. చివరి మార్కుల జాబితాలో మా ఇంటిపేరు తప్పు పడింది. ఒక్క అక్షరం. దాన్ని దిద్దించుకోవడానికి నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ రాత్రి బస్సు, పొద్దున్న పదింటికి కిటికీ ముందు వరుస, వరుస ముందుకు జరిగాక "ఆ సెక్షన్ ఆయన సెలవు" అనే జవాబు. నాలుగోసారి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను, పని అయింది. ఇప్పుడు మార్కుల జాబితాలు డిజిలాకర్‌లో కూడా వస్తున్నాయి, చాలా పనులకు ఇంటి నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. అయినా తప్పు పడితే దిద్దించుకోవడం చాలా చోట్ల ఇప్పటికీ మనిషి వెళ్లి నిలబడాల్సిన పనే. చేరే రోజున దరఖాస్తులో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయో లేదో అమ్మాయిని చూసుకోమనండి.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు అధ్యాపకుల ఖాళీలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాతవాళ్లు రిటైరవుతూ వచ్చారు, వారి స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చినా అవి కోర్టు వివాదాల్లో పడ్డాయి. చాలా పాఠాలు కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులే చెబుతున్నారు. వాళ్లలో ప్రాణం పెట్టి చెప్పేవాళ్లున్నారు. వచ్చే సెమిస్టర్‌కు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి మీద ఒక శాఖ భారమంతా వేయడం ఆ అధ్యాపకుడికీ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే. కాబట్టి విశ్వవిద్యాలయం పేరు చూసి ఊరుకోకుండా, మీ అమ్మాయి చేరబోయే శాఖలో ఇప్పుడు శాశ్వత అధ్యాపకులు ఎంతమంది, వారిలో పరిశోధన చేయిస్తున్నవారు ఎవరు అన్నది కనుక్కోండి. కెమిస్ట్రీలో ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, అనలిటికల్ అని వేర్వేరు శాఖలున్నాయి, అన్నిటి పరిస్థితీ ఒకేలా ఉండదు. రెండో ఏడాది చదువుతున్న విద్యార్థిని ఒకరితో పావుగంట ఫోనులో మాట్లాడితే వెబ్‌సైటులో దొరకనివన్నీ తెలుస్తాయి.

పేరు గొప్పదే, కాదనను. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు చేరిన విశ్వవిద్యాలయం అది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపకులపతి, తర్వాత 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి అక్కడ సైన్సు కళాశాలను నిలబెట్టారు. మీ అమ్మాయి చదవబోయే కెమిస్ట్రీనే 1930ల్లో అక్కడ టి.ఆర్.శేషాద్రిగారు నడిపించారు. ఇప్పుడున్న యంత్రాలేవీ లేని రోజుల్లో పత్తి పూల నుంచి రంగు పదార్థాలను విడదీసి, వాటి అణువుల నిర్మాణం తేల్చారు. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా తలచుకునే సి.ఆర్.రావుగారు అక్కడే గణితంలో ఎం.ఏ. చేశారు. ఇవన్నీ తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ శేషాద్రిగారు వచ్చి మీ అమ్మాయికి పాఠం చెప్పరు. ఈ రోజు ఆ శాఖలో ఎవరున్నారో అదే మీకు కావాల్సిన లెక్క.

అయినా పంపమంటున్నాను. ఎందుకో చెబుతాను.

నా విద్యార్థినుల్లో ఒక అమ్మాయి తండ్రి కాలవ లస్కరు, తూముల దగ్గర నీళ్లు వదిలే ఉద్యోగి. ఆ అమ్మాయీ ఒక పెద్ద విశ్వవిద్యాలయంలోనే చేరింది. మొదటి సంక్రాంతికి ఇంటికి వచ్చి, ఇంక వెళ్లనని ఏడ్చింది. ఇంగ్లీషులో గబగబా చెప్పే పాఠం అందడం లేదంది, పట్నం పిల్లల ముందు మాట పెగలడం లేదంది. ఇంకొక్క సెమిస్టర్ చూడమని నేను, వాళ్ల నాన్న కలిసి నచ్చజెప్పి పంపాం. వెళ్లే ముందు ఒక్క పని అప్పగించాను: ప్రతి వారం ఎవరో ఒక అధ్యాపకుడిని, తరగతి అయ్యాక, ఒక్క సందేహం అడగాలి. సందేహం చిన్నదైనా పర్వాలేదు, తెలుగులో అడిగినా పర్వాలేదు. తర్వాతి ఏడాది సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఇంటికి ఒక కాగితం తెచ్చింది. వంటగది బల్ల మీద పరిచింది. పొడవాటి కాగితం, దాని మీద అడ్డంగా ఒక గీత, గీత మీద అక్కడక్కడ సూదుల్లా లేచిన శిఖరాలు. ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రం, అంటే అణువులో ఏయే భాగాలున్నాయో చూపే గీత. తను స్వయంగా తయారు చేసి, శుద్ధి చేసిన పదార్థానిది. ఏడు దగ్గర గుత్తిగా లేచిన శిఖరాల మీద పెన్సిలుతో 'బెంజీన్ వలయం' అని రాసుకుంది. 3.8 దగ్గర ఒంటరిగా నిలబడ్డ శిఖరం పక్కన 'మిథాక్సీ, మూడు హైడ్రోజన్లు'. ఒక చోట చిన్న శిఖరం మీద ప్రశ్నార్థకం. "ఇది మాత్రం ఏమిటో తేలలేదు మేడం, ద్రావణి సరిగా ఆరలేదేమో" అంది.

నేను 30 ఏళ్ల పైన ఆ శిఖరాలను నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. మా కాలేజీలో ఆ యంత్రం లేదు, వచ్చే అవకాశమూ లేదు. కోట్లలో ఖరీదు, లోపలి అయస్కాంతం చల్లగా ఉండడానికి ద్రవ హీలియం పోస్తూనే ఉండాలి. సుద్దముక్కతో గీసిన శిఖరాలు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి, అందులో ప్రశ్నార్థకం పెట్టాల్సినది ఏదీ ఉండదు. ఆ ప్రశ్నార్థకం చూశాకే ఆ పిల్ల కెమిస్టు అయిందని నాకు నమ్మకం కలిగింది. చిన్న కాలేజీ ఎంత ప్రేమగా చూసుకున్నా ఇవ్వలేనిది అదే. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ యంత్రం మీద పరిశోధక విద్యార్థుల నమూనాలే ముందు పెడతారట. మూడు రోజులు ఒక ప్రొఫెసర్ గది ముందు నిలబడితే మూడో రోజు ఆయనే "ఏం కావాలమ్మా" అని అడిగారట. అడిగాక కాదనలేదు. ప్రాజెక్టు ఆయన దగ్గరే చేసింది. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే జేఆర్ఎఫ్ తెచ్చుకుంది. 2023 నుంచి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. ఇప్పుడు వాళ్ల నాన్నకు తనే డబ్బు పంపుతోంది.

ఆ పరీక్ష గురించి ఆమెకు మొదట చెప్పింది ఏ అధ్యాపకుడూ కాదు, హాస్టల్ పక్క గదిలోని శ్రీకాకుళం అమ్మాయి. పెద్ద విశ్వవిద్యాలయంలో దొరికే సగం చదువు హాస్టల్ వరండాలో ఉంటుంది. ఒక గదిలో నెట్‌కు చదివేవాళ్లు, ఇంకో గదిలో గేట్, మరో గదిలో గ్రూప్స్. పార్వతీపురం ఏజెన్సీ నుంచి, ప్రకాశం నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు. ఇళ్లలో తొలిసారి పీజీ గడప తొక్కిన ఆడపిల్లలు వీళ్లలో ఎంతోమంది. వాళ్ల మధ్య రెండేళ్లు ఉంటే తనకు ముందు ఏయే దారులున్నాయో అమ్మాయికి తెలిసిపోతుంది. ఇంటి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చదువులో ఇది దొరకదు. గ్రంథాలయం గురించి వేరే చెప్పనవసరం లేదు. డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయంలో ఒక ఆదివారం గడిపితే అమ్మాయికే తెలుస్తుంది.

ఇక డబ్బు. క్యాంపస్‌లో రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు అని రెండు రకాలుంటాయి, వాటి ఫీజుల మధ్య చాలా తేడా ఉంటుంది. కౌన్సెలింగులో ఆప్షన్ పెట్టేటప్పుడు ఏది రెగ్యులరో, ఏది సెల్ఫ్ ఫైనాన్సో చదివి పెట్టండి. తొందరలో నొక్కి తర్వాత బాధపడ్డ కుటుంబాలు నాకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు విషయంలో ప్రైవేటు కాలేజీ వాళ్లు "అంతా ప్రభుత్వమే కడుతుంది" అని ఉంటే, ఆ మాట కాగితం మీద అడగండి. 2020 డిసెంబరులో జీవో 77 ఇచ్చి ప్రైవేటు కాలేజీల్లోని పీజీ కోర్సులను ఆ పథకం నుంచి తప్పించారు, ఆ దెబ్బకు మధ్యలో చిక్కుకున్న పిల్లలున్నారు. మీరు చేర్చే ఏడాది అమల్లో ఉన్న ఉత్తర్వు ఏదో చూసుకునే చేర్చండి. హాస్టల్ మెస్సు బిల్లు సాధారణంగా నెలకు అయిన ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచి వేస్తారు, నెలనెలా మారుతుంది. మీకేమో కొబ్బరికాయల దింపు దింపుకీ డబ్బు చేతికి వస్తుంది, నెలనెలా రాదు. కాబట్టి మూడు నెలల మెస్సు డబ్బు ముందే అమ్మాయి ఖాతాలో వేసి ఉంచండి. బిల్లు కట్టడం ఆలస్యమైతే పిల్లలు ఇంట్లో చెప్పకుండా పూట మానేస్తారు. నేనూ మానేశాను.

భద్రత గురించి మీ భార్య భయపడుతున్నారని రాశారు. తల్లిగా ఆ భయం సహజం. మొదటి రోజు నుంచే క్యాంపస్ హాస్టల్‌లో ఉండేలా చూడండి, హాస్టల్ గది దొరకడం ఆలస్యమవుతుందంటే బయట గది తీసుకునే ముందు వార్డెన్‌తో మీరు స్వయంగా మాట్లాడండి. ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. ఆ నంబరు అమ్మాయి ఫోనులోనూ మీ ఫోనులోనూ ఉండాలి. రాజమండ్రి నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు, రైల్లో నాలుగు గంటల లోపు ప్రయాణం. మీ ఊరి నుంచి రాజమండ్రి చేరడానికే ఎక్కువ అవస్థ. పండక్కి రాగలదు, ఒంట్లో బాగాలేకపోతే మీరు అదే రోజు వెళ్లగలరు.

మధ్యే మార్గం ఒకటుంది. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజానగరం క్యాంపస్. కాకినాడ, తాడేపల్లిగూడెంలలో కూడా దానికి క్యాంపస్‌లున్నాయి. మీ అమ్మాయి డిగ్రీ పట్టా మీద ఉండేది ఆ పేరే. విశాఖలో మంచి శాఖలో రెగ్యులర్ సీటు రాకపోతే, ఇంటి దగ్గరి ప్రైవేటు కాలేజీ కన్నా దీన్నే ముందు చూడమంటాను.

పంపవద్దని చెప్పే సందర్భాలూ ఉన్నాయి. తోట తాకట్టు పెట్టి సెల్ఫ్ ఫైనాన్స్ సీటు కొనాల్సి వస్తే వద్దు. అమ్మాయికి కెమిస్ట్రీ మీద ఇష్టం లేక, బి.ఎడ్. చేసి దగ్గర్లో టీచరు కావాలని మనసులో ఉంటే వద్దు. ఆ కోరిక మంచిదే, దానికి విశాఖ వెళ్లనవసరం లేదు. చిన్న విషయానికి కూడా లోలోపల కుంగిపోయే పిల్ల అయితే ఏడాది ఆగి పంపినా తప్పు లేదు. ఆ ప్రైవేటు కాలేజీలో బోధించేవాళ్లు నిజంగా మంచివాళ్లని మీకు తెలిసి ఉంటే, నా మాట కన్నా మీ కళ్లతో చూసినదే నమ్మండి. అయితే వెళ్లి ల్యాబు తెరిపించి చూడండి. రసాయనాల సీసాల మీద దుమ్ము ఎంత ఉందో చూస్తే చాలు.

ఇవేవీ కాకపోతే పంపండి. మొదటి నెలలో శాఖాధిపతిని, వార్డెన్‌ను, ఒక సీనియర్‌ను తనంతట తనే వెళ్లి కలిసి పరిచయం చేసుకోమనండి. మీరు వారానికోసారి ఫోను చేసినప్పుడు మార్కుల గురించి అడగకండి. ఈ వారం ఎవరిని ఏం అడిగావని అడగండి. రెండు వారాలు వరుసగా జవాబు లేకపోతే బస్సెక్కి వెళ్లి చూసి రండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటుంది. విశ్వవిద్యాలయం మారుతోంది కాబట్టి టీసీతో పాటు నన్నయ విశ్వవిద్యాలయం నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్, ప్రొవిజనల్ కావాలి. వీటికి సమయం పడుతుంది, ఈ వారమే మొదలుపెట్టండి. టీసీ కోసం అమలాపురం కాలేజీకి మీరిద్దరూ కలిసే వెళ్లండి. కిటికీ దగ్గరికి మాత్రం అమ్మాయిని ఒంటరిగా పంపండి. మీరు బయట చెట్టు కింద కూర్చోండి. ఆలస్యమైనా, రెండుసార్లు వెనక్కి పంపినా, లోపలికి వెళ్లకండి.